సముద్రం ఆగిన చోట పుట్టిన నేల

(దివిసీమ ఉప్పెన మృతుల స్మృతిలో విజయవాడలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

1977 నవంబరు 19న పోయినవారి పేరు మీద జరుగుతున్న సభ ఇది. ఇలాంటి సభలో గాలివాన గురించి, కరకట్టల గురించి, తుపాను షెల్టర్ల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను మంచు గురించి మాట్లాడతానన్నాను. కారణం ముందే చెబుతాను. ఆ రోజు కృష్ణా డెల్టా కొసన ఉన్న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తు అని రాశారు. 5 మీటర్లంటే ఎక్కడి నుంచి? ఆ రోజు సముద్రం మామూలుగా ఉండవలసిన మట్టం నుంచి. ఆ మామూలు మట్టం ఎక్కడుండాలో తేల్చేది మన వానలు కావు, మన గాలులు కావు. భూమి మీదున్న నీటిలో ఎంత గడ్డకట్టి నేల మీద నిలిచింది, ఎంత సముద్రంలో ఉంది అన్న పంపకం. సొర్లగొంది, పాలకాయతిప్ప గ్రామాలు తుడిచిపెట్టుకుపోయిన నాటికీ నేటికీ ఆ పంపకం మారింది. ఇంకా మారుతోంది. పది వేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన మళ్లీ అదే బలంతో వస్తే, అది ఇంతకుముందుకన్నా ఎత్తయిన మెట్టు మీద నిలబడి మన మీదికి దూకుతుంది.

కృష్ణ మంచులో పుట్టిన నది కాదు. మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల వానలో పుట్టి, దాదాపు 1400 కిలోమీటర్లు వానను నమ్ముకునే నడిచి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గంగకున్న హిమాలయం కృష్ణకు లేదు. కాబట్టి మంచు సంగతి మనది కాదనుకోవడం సహజం. కానీ ఈ నది కట్టిన నేల చరిత్ర చూస్తే, దాని పుట్టుక తేదీ రాసింది మంచే.

ఇరవై వేల ఏళ్ల కిందట కెనడా మీద, ఉత్తర ఐరోపా మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. అదంతా సముద్రం నుంచి లేచిన నీరే. అందుకే అప్పటి సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి దిగి ఉంది. ఇవాళ బందరు, నిజాంపట్నం పడవలు వేటాడే తీరపు సముద్రంలో చాలా భాగం అప్పుడు పొడి నేల. కృష్ణ ఆ నేలను కోసుకుంటూ ఇంకా ముందుకు వెళ్లి సముద్రాన్ని కలిసేది. తర్వాత మంచు కరిగింది. వేల ఏళ్లపాటు సముద్రం పైకి వస్తూనే ఉంది. ఆ కాలంలో నది ఎంత మట్టి తెచ్చి పోసినా లాభం లేకపోయింది. పోసిన మట్టి గట్టిపడి నేలగా తేలకముందే నీరు మీదికి వచ్చేసేది.

సుమారు ఏడెనిమిది వేల ఏళ్ల కిందట ఆ పెద్ద మంచుపలకలు చాలావరకు కరిగిపోయి, సముద్రం నిదానించింది. అప్పుడు మట్టిది పైచేయి అయింది. ప్రపంచంలోని పెద్ద డెల్టాలు, నైలు నుంచి గంగ దాకా, ఇంచుమించు ఒకే కాలంలో రూపుకట్టడం మొదలుపెట్టాయని, అందుకు కారణం సముద్రమట్టం పెరుగుదల మందగించడమేనని 1994లో స్టాన్లీ, వార్న్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపించారు. కృష్ణా డెల్టా ఆ తోబుట్టువుల్లో ఒకటి. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఇరుకు దాటగానే నది చేతులు చాచి, దక్కను పీఠభూమి నల్లమట్టిని రెండు వైపులా పరుచుకుంటూ, సముద్రాన్ని వెనక్కి నెడుతూ పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు ఈ కథను మట్టి నమూనాల్లోనూ ఉపగ్రహ చిత్రాల్లోనూ ఏళ్ల తరబడి చదివారు. పొలాల మధ్య కనిపించే పొడవాటి ఇసుక మెరకలు ఒకప్పటి సముద్రతీరాలు. కొల్లేరు ఒకనాడు సముద్రానికి తెరుచుకుని ఉన్న కయ్య. కృష్ణ ఇటు నుంచి, గోదావరి అటు నుంచి నేలను పెంచుకుంటూ రావడంతో నడుమ చిక్కుకుపోయి మంచినీటి సరస్సయింది.

కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. మనం ఈ ఆస్తికి కెప్టెన్ ఓర్ కట్టిన ఆనకట్టను, దాని వెనకున్న కాటన్ దొర పట్టుదలను తలుచుకుంటాం. 1952లో ఆ ఆనకట్ట తెగాక 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజీని తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. అయితే ఆ కాలువలు పారడానికి నేలంటూ ఒకటి ఉండాలి. ఆ నేలను ఇచ్చింది ఏడు వేల ఏళ్లపాటు పెద్దగా కదలకుండా ఉన్న సముద్రం. అది కదలకుండా ఉన్నది గ్రీన్లాండ్ మీద, అంటార్కిటికా మీద మంచు తన చోట తానుండబట్టి.

ఇప్పుడు ఆ మంచు సంగతికి వద్దాం. మంచుకీ సముద్రానికీ మధ్య లావాదేవీలు చాలా ఉన్నాయి. మొదటిది ఎండ. కొత్తగా కురిసిన మంచు తన మీద పడిన ఎండలో 80 నుంచి 90 శాతాన్ని తిప్పి ఆకాశానికి పంపేస్తుంది. మంచు లేని సముద్రం 6, 7 శాతం మాత్రమే తిప్పి పంపి, మిగతాదంతా తాగేస్తుంది. ఉత్తర ధ్రువ సముద్రం మీద ఏటా సెప్టెంబరులో మిగిలే మంచు 1981–2010 మధ్య సగటున 64 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో అది 36 లక్షలకు పడిపోయింది. దాదాపు భారతదేశమంత మంచు తగ్గి, ఆ మేరకు నల్లటి నీరు ఎండకు ఎదురైందన్న మాట. తాగిన వేడి మరికొంత మంచును కరిగిస్తుంది, ఆ నీరు మరికొంత ఎండను తాగుతుంది. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

రెండోది ఉప్పు. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును తనలో ఉంచుకోదు, బయటికి నెట్టేస్తుంది. అంటార్కిటికా చుట్టూ అలా మిగిలిన చిక్కటి, చల్లటి ఉప్పునీరు బరువెక్కి అడుగుకు జారి, సముద్రగర్భం వెంట ఉత్తరానికి పాకుతుంది. బంగాళాఖాతం పైన నీరు ఏడాదిలో చాలా నెలలు 28 డిగ్రీలకు మించి ఉంటుంది. 3000 మీటర్ల కిందికి దించిన థర్మామీటరు రెండు డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మన ఎండ కింద అంత చల్లటి నీరు ఎలా తయారవుతుంది? తయారు కాలేదు, అంటార్కిటికా మంచు అంచుల్లో మునిగిన నీరు తరాల తరబడి నడిచి ఇక్కడికి చేరింది. ఈ ప్రవాహమే సముద్రపు లోతులకు ప్రాణవాయువును మోసుకెళుతుంది. కరిగిన మంచు మంచినీరై పైన పరుచుకుంటే ఆ మునక బలహీనపడుతుంది. అంటార్కిటికా దగ్గర అది ఇప్పటికే జరుగుతోందన్న ఆధారాలు పెరుగుతున్నాయి.

ఇక మట్టం. ఇక్కడ చాలామందికి ఒక సందేహం ఉంటుంది. గ్లాసు నిండా మజ్జిగలో తేలే ఐసుముక్క కరిగితే మజ్జిగ పొంగదు. సముద్రం మీద తేలే మంచూ అంతే. అది కరిగినా మట్టం దాదాపు పెరగదు. నేల మీదున్న మంచు కరిగి సముద్రంలో పడితేనే పెరుగుతుంది. గ్రీన్లాండ్ మంచంతా కరిగితే ప్రపంచ సముద్రమట్టం 7.4 మీటర్లు, అంటార్కిటికాది అంతా కరిగితే 58 మీటర్లు పెరుగుతుంది. ఇది రేపో ఎల్లుండో జరిగేది కాదు, వేల ఏళ్ల లెక్క. కానీ దాని అంచు కదిలినా మనకు ముప్పే. 2002 నుంచి గ్రేస్ ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో మార్పులను బట్టి ఈ మంచును తూస్తున్నాయి. గ్రీన్లాండ్ ఏటా సుమారు 270 వందకోట్ల టన్నులు, అంటార్కిటికా సుమారు 150 వందకోట్ల టన్నులు కోల్పోతున్నాయి. 360 వందకోట్ల టన్నుల మంచు కరిగితే ప్రపంచ సముద్రాలన్నీ ఒక మిల్లీమీటరు లేస్తాయి. దీనికి తోడు వేడెక్కిన నీరు వ్యాకోచించడం ఉంది. గడిచిన యాభై ఏళ్ల పెరుగుదలలో దాదాపు సగం దానిదే. 1901 నుంచి 1971 దాకా ఏటా సగటున 1.3 మిల్లీమీటర్లు పెరిగిన సముద్రం, 2006–2018 మధ్య ఏటా 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. ఉత్తర హిందూ మహాసముద్రం కూడా 1993–2015 మధ్య ఏటా 3.3 మిల్లీమీటర్లు లేచిందని మన భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020 నివేదిక చెప్పింది.

ఇక్కడ దూరం గురించి ఒక విషయం చెప్పాలి. గ్రీన్లాండ్ మంచు కొండంత బరువు. ఆ బరువు తన చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంచుతుంది. మంచు కరిగి బరువు తగ్గితే ఆ పట్టు సడలి, దాని దగ్గర సముద్రం నిజానికి కిందికి దిగుతుంది. అక్కడ తగ్గిన నీరు దూరపు సముద్రాల్లో కనిపిస్తుంది. మనది ఆ దూరపు సముద్రాల్లో ఒకటి. ధ్రువాలకు దూరంగా ఉన్నాం కనుక మనకు తక్కువ అనుకుంటాం. లెక్క దానికి తలకిందులుగా ఉంది. ఈ అన్యాయం గురించి మన రాష్ట్రంలో ఇంకా గట్టిగా మాట్లాడటం లేదని నాకు బాధ.

మంచు మన వానను కూడా తాకుతుంది. ఆ సంబంధాన్ని మొదట పట్టుకున్న మనిషి కథ మన తీరంతో ముడిపడింది. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నెల తిరక్కుండానే నవంబరు 1న మన బందరును తుపానులు కొట్టాయి. బందరు ఉప్పెనలో 30 వేల మంది పోయారని చెబుతారు. ఆ ఏటి విపత్తులు, తర్వాత వరసగా వచ్చిన వర్షాభావాలు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడేలా చేశాయి. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్ఫర్డ్. మరుసటి ఏడే దక్షిణాదిని ఊడ్చేసిన 1876–78 మహాకరువు మొదలైంది. ముందే తెలుసుకునే దారేదన్నా ఉందా అని ఆయన వెతికాడు. హిమాలయాల మీద మంచు ఎక్కువగా పడి, ఆలస్యంగా కరిగిన ఏడాది ఉత్తర భారతంలో పొడిగాలులు వీచి వాన తగ్గుతోందని 1884లో ప్రకటించాడు. 1886 జూన్ 4న వెలువడిన దేశపు తొలి రుతుపవన అంచనాకు ఆ హిమాలయపు మంచే ఆధారం.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. వేసవిలో ఆసియా నేల వేడెక్కితేనే సముద్రం నుంచి తేమగాలి లోపలికి వస్తుంది. ఆ నేల మంచుతో కప్పి ఉంటే సగం ఎండ తిరిగి వెళ్లిపోతుంది. మిగిలినదాంట్లో కొంత మంచు కరగడానికీ, మరికొంత తడిసిన నేల ఆరడానికీ ఖర్చవుతుంది. వేడి అందేసరికి ఆలస్యమవుతుంది. 1976లో హాన్, శుక్లా ఉపగ్రహ చిత్రాలతో యూరేషియా మంచుకీ మన వానకీ ఈ విలోమ సంబంధాన్ని మళ్లీ చూపించారు. ఈ కథలో ఒక తెలుగువాడి పాత్ర పెద్దది. తర్వాత వాతావరణ శాఖకు అధిపతి అయిన పంచేటి కోటేశ్వరం, వేసవిలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు పరుగెత్తే గాలిప్రవాహాన్ని గుర్తించి, 1958లో దాన్ని టిబెట్ పీఠభూమి వేడితో ముడిపెట్టాడు. ఆ గాలి మన నెత్తి మీదుగానే పోతుంది. టిబెట్ ఎంత త్వరగా మంచు విడిస్తే ఈ గాలి అంత త్వరగా నిలదొక్కుకుంటుంది. కోటేశ్వరం పేరు మన పిల్లలందరికీ తెలియాలి.

బ్లాన్ఫర్డ్ చూసిన సంబంధం ఇటీవలి దశాబ్దాల్లో పలచబడింది. ఎల్ నినో, హిందూ మహాసముద్రపు వేడి, పొగ, ధూళి, ఇన్ని చేతులు ఇప్పుడు రుతుపవనాన్ని లాగుతున్నాయి. కొత్త సంబంధాలూ బయటపడుతున్నాయి. రష్యాకు ఉత్తరాన కారా సముద్రంలో వేసవి మంచు తగ్గిన సంవత్సరాల్లో మధ్య భారతంలో సెప్టెంబరు భారీ వర్షాలు పెరిగే వీలుందని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 2021లో ప్రచురించారు. ఏ ఒక్క వరదనూ దానికి అంటగట్టడం సరికాదు. అయినా, సెప్టెంబరు అనగానే ఈ ఊళ్లో ఎవరికి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు.

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీరు ఎప్పుడూ రాలేదు. ఊరిని ముంచింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు వాగు. అజిత్‌సింగ్‌నగర్ చుట్టుపక్కల జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. బుడమేరు నీరు ఎక్కడికి పోవాలి? కొల్లేరుకు. కొల్లేరు నీరు? ఉప్పుటేరు గుండా సముద్రానికి. ఈ దారి పొడవునా వాలు చాలా స్వల్పం. ఆ కొద్దిపాటి వాలులో కింది కొసన సముద్రం అంగుళం అంగుళం లేస్తూ ఉంటే, పై కొసన ఉన్న నీరు దిగడానికి అంతకంత ఎక్కువ సమయం పడుతుంది. కొల్లేరు ఆక్రమణల గురించి, ఉప్పుటేరు పూడిక గురించి మనం చేసే గొడవ న్యాయమైనదే. ఆ జాబితాలో సముద్రమట్టాన్ని కూడా చేర్చండి. సింగ్‌నగర్ ఇళ్ల డ్రైనేజీకీ గ్రీన్లాండ్‌కీ మధ్య ఉన్న దారి ఇదే.

ఉత్తర ధ్రువ సముద్రానికీ బంగాళాఖాతానికీ ఒక పోలిక ఉంది, ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది అదే. రెండింటి మీదా తేలికైన మంచినీటి పొర పరుచుకుని ఉంటుంది. అక్కడ సైబీరియా నదులు, కరిగిన మంచు. ఇక్కడ గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి, కృష్ణ. ఆ పొర కింది నీటిని పైకి రానివ్వదు. అక్కడ అది లోతుల్లోని వేడిని మంచుకు తగలనివ్వకుండా కాపాడుతుంది. ఇక్కడ అదే పొర కింది చల్లదనాన్ని పైకి రానివ్వక, పైనీటిని వెచ్చగా ఉంచి తుపానుకు ఆహారం పెడుతుంది. వానాకాలం తర్వాత ఈ మంచినీరు ఒడ్డు వెంట ఒడిశా నుంచి మన తీరం మీదుగా దక్షిణానికి ఒక నదిలా ప్రవహిస్తుంది. ఈ సంగతి తేల్చింది ఓడలు కావు. తూర్పు తీరం పొడవునా మత్స్యకారులు ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా సీసాల్లో పట్టి ఇచ్చిన సముద్రపు నీరు. ఆ సీసాల ఉప్పు లెక్కతో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 2014లో దాన్ని ప్రపంచానికి చూపించారు. నవంబరులో దివిసీమ ముందు ఆ వెచ్చటి, తేలిక నీరు పరుచుకుని ఉంటుందని గుర్తుంచుకోండి.

మన దగ్గర మంచు లేదన్నాను కదా, సముద్రం అడుగున ఉంది. 2006లో జాయిడెస్ రెజల్యూషన్ ఓడ కృష్ణా–గోదావరి బేసిన్‌లో, వెయ్యి మీటర్ల పైచిలుకు నీటి కింద బురదను తవ్వినప్పుడు, మీథేన్ వాయువును తనలో బంధించుకున్న మంచుగడ్డలు బయటపడ్డాయి. గ్యాస్ హైడ్రేట్లంటారు. ఒకచోట ఆ పొర మందం వంద మీటర్లకు మించి ఉంది. అగ్గిపుల్ల గీస్తే మండే మంచు అది. చల్లదనం, పైనున్న నీటి ఒత్తిడి రెండూ ఉన్నంతకాలం అది అలాగే ఉంటుంది. ఇంధనంగా తీయాలని 2015లో మరో పెద్ద అన్వేషణ జరిగింది. తీయడానికి తొందరపడకూడదని నా అభిప్రాయం.

చివరిగా మట్టి. సముద్రం లేచినా డెల్టా బతకగలదు, నది మట్టి తెస్తూ ఉంటే. డెల్టా నేల తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతుంది. ఏటా వచ్చే ఒండ్రు ఆ కుంగుడును పూడుస్తుంది. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1966–69 మధ్య కృష్ణ ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. మిగతాది ఎగువ జలాశయాల అడుగున ఉంది. 1965–2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయింది. నాగార్జునసాగర్ మన కడుపు నింపింది. దాన్ని తప్పుపట్టే మాట నా నోట రాదు. కానీ జలాశయాల్లో నీటిని టీఎంసీల్లో పంచుకునే మనం, మట్టిని టన్నుల్లో అడగడం నేర్చుకోలేదు. కృష్ణా జలాల ట్రిబ్యునళ్ల ముందు మూడు రాష్ట్రాలూ నాలుగు రాష్ట్రాలూ వాదించుకున్నప్పుడు డెల్టాకు రావలసిన ఒండ్రు వాటా సంగతి కూడా ఎవరైనా బలంగా ఎత్తాలి. వరదల్లో అడుగు తూముల గుండా మట్టిని కిందికి వదిలే పద్ధతులను వేరే దేశాల్లో వాడుతున్నారు. మన ఇంజనీర్లకు అది చేతకానిది కాదు.

కృష్ణా అభయారణ్యంలో నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ చుట్టూ మిగిలిన మడ అడవులు వచ్చిన కాస్త మట్టినీ వేళ్లతో పట్టి నిలుపుతున్నాయి. వాటిని నరికి చెరువులు తవ్వడం ఇకనైనా ఆగాలి.

కరకట్టల ఎత్తును 1977 నాటి సముద్రమట్టంతో కాకుండా, ఈ శతాబ్దం చివరికి లేవబోయే మట్టంతో, కుంగిన నేల మట్టంతో లెక్కకట్టాలి. అందుకు రెండు కొలతలు కావాలి: ఒడ్డు దగ్గర సముద్రం ఎంత లేచింది, ఒడ్డు నేల ఎంత దిగింది. ఉపగ్రహం ఇచ్చే సగటు ఒక ఊరికి చాలదు. విద్యార్థులకు నా విన్నపం ఇది. ఉప్పుటేరు ముఖద్వారం దగ్గర, నాగాయలంక దగ్గర, పాలకాయతిప్ప దగ్గర గట్టి పునాది మీద ఒక్కో స్తంభం పాతండి. దాని మట్టాన్ని సర్వే శాఖ స్థిర గుర్తుతో కలపండి. ప్రతి అమావాస్యకూ పున్నమికీ పోటు ఎంతవరకు వచ్చిందో చూసి పుస్తకంలో రాయండి. 1977లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చూసిన పెద్దలు ఆ ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లు చూపించిన గుర్తును అదే స్తంభం మట్టంతో కొలవండి. ఏ కాలేజీ ముందుకొచ్చినా, లెవెల్ పరికరంతో కొలత తీయడం నేర్పడానికి నేను వస్తాను.